చుక్క దిగని వ్యాను

ఆ ఏడు ఎండాకాలం చివర్లో ఊరంతా వాన ఎప్పుడు పడుతుందా అని ఆకాశం వంక చూస్తుంటే, మా ఇంట్లో నలుగురం మాత్రం అది ఇంకొన్నాళ్ళు ఆగితే బాగుండునని చూశాం. కారణం మా మామగారి పాత వ్యాను. ఇంజను బాగైంది, బ్రేకులు పట్టుకుంటున్నాయి, కొత్త టైర్లు వచ్చాయి. కిటికీల చుట్టూ ఉన్న రబ్బరు మాత్రం ఎండిపోయి, బీటలు వారి, గోరు తగిలితే పొట్టులా రాలుతోంది. ఆ అద్దాలు ఇన్నాళ్ళూ కేవలం అలవాటు కొద్దీ నిలబడి ఉన్నాయి.

నేను ఇల్లరికపు అల్లుణ్ణి. వృత్తి దర్జీపని. అత్తవారింటి ముందుగదిలోనే నా కుట్టుమిషను, కత్తిరించే బల్ల. ఇల్లరికం వెళ్ళినవాడు లోకానికి లోకువంటారు గానీ, నాకెప్పుడూ చిన్నతనం అనిపించలేదు. చేతిలో పనున్నవాడికి ఎవరి ఇల్లయినా ఒకటే. మామగారికి మాత్రం నన్ను మనిషిగా లెక్కవేయడానికి ఇంకా మనసు రాలేదు. ఆయన జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇనుము ముట్టుకునేవాడే మగాడని ఆయన నమ్మకం. నాకు "సూది" అని పేరు పెట్టారు. మంచినీళ్ళు కావాలన్నా, కరెంటు పోయిందన్నా "ఏమోయ్ సూదీ" అనే పిలుపు. నేను పలికేవాణ్ణి. సూది చిన్నదే గానీ గుచ్చుకుంటే తెలుస్తుందని మా అత్తగారు ఒకసారి అన్నారు, ఆయన వినేట్టుగా.

మా ఆవిడది కళ్ళజోళ్ళ పని. కళ్ళు పరీక్ష చేస్తుంది, అద్దాలు అరగదీస్తుంది, ఫ్రేములో బిగించి, అది ముక్కు మీద కుదురుగా కూర్చుందో లేదో చూసి మరీ మనిషిని పంపిస్తుంది. ఆమె పనిచేసే కొట్టు యజమాని పెద్దవాడైపోయి ఆ వేసవిలోనే కొట్టు మూసేశాడు. ఇన్నేళ్ళు నమ్మకంగా చేసిందని పరీక్ష మిషనూ, అద్దాలు అరగదీసే మిషనూ ఆమెకే వదిలి వెళ్ళాడు. ఆ సంగతి తెలిసి నగరంలోని ఒక పెద్ద కళ్ళజోళ్ళ కంపెనీ వాళ్ళు కబురు పెట్టారు. మంచి ఉద్యోగం, ఉండటానికి హాస్టలు, నెలకోసారి ఇంటికి రావచ్చు. వానలు మొదలయ్యేసరికి ఏ సంగతీ తేల్చి చెప్పాలన్నారు.

మా ఆవిడకి వెళ్ళాలని లేదు. ఊరి శివార్లలో కళ్ళు మసకలై గోడలు పట్టుకుని నడిచే ముసలివాళ్ళు ఎంతోమంది ఉన్నారని, వాళ్ళు తన దగ్గరికి రాలేరు కాబట్టి తనే వాళ్ళ దగ్గరికి వెళ్తానని, నాన్న వ్యాను ఊరికే షెడ్డులో పడి ఉంది కదా అని ఒక రోజు అన్నం దగ్గర చెప్పింది. పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినట్టుందని మా అత్తగారు నవ్వారు. కుట్టడానికి మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదమ్మా అంది మా ఆవిడ నన్ను చూపించి. మామగారు నవ్వలేదు. చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా షెడ్డులోకి వెళ్ళి వ్యాను బానెట్ ఎత్తారు. ఆ మనిషి అంత హుషారుగా లేవడం రిటైరయ్యాక నేను చూడలేదు.

అలా మొదలైన పని కిటికీల దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ ఒక మాట తేల్చి చెప్పింది.

"ఆ మిషన్ల మీద నీళ్ళు పడితే ఇక అవి పనికిరావు. కొత్తవి కొనే శక్తి మనకి లేదు. వాన పడినప్పుడు లోపలికి చుక్క దిగకపోతే నేను ఉంటా. దిగితే వెళ్తా. ఇందులో ఎవరి మీదా కోపం లేదు."

ఆమె ఏది చెప్పినా అలాగే చెబుతుంది, నీళ్ళు నమలడం తెలియదు. నేనేమో ఆమె వెంట వెళ్ళలేను. నా దగ్గర కుట్టించుకునేవాళ్ళంతా ఇక్కడే, ఆమె అమ్మానాన్నలు ఇక్కడే. భార్య లేకుండా అత్తవారింట్లో అల్లుడు ఏమని ఉంటాడు? పెళ్ళికూతురు లేని పందిట్లో పెళ్ళికొడుకులా ఉంటుంది వ్యవహారం. అంతకంటే పెద్ద సంగతి, ఆమె పక్కన లేకపోతే నాకు ఇంట్లో ఏమీ తోచదు. అయినా పైకి మాత్రం, "చుక్క కాదు, తడి గాలి కూడా రానివ్వం" అన్నాను. ఆ మాట నిజంగా నమ్మే అన్నాను.

పాత సామాన్ల కొట్టు నడిపే మనిషిని ఊళ్ళో అందరూ తుప్పు బాబాయి అంటారు. ఆయన మా వ్యాను చుట్టూ తిరిగి, ఈ మోడలు కిటికీల రబ్బరు ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యడం లేదని, అదే గాడి ఉన్న రబ్బరు చుట్ట తన దగ్గరుందని, మనమే కొలిచి కోసుకోవాలని చెప్పాడు. మామగారు నా వైపు తిరగకుండానే, కొలవడానికీ కొయ్యడానికీ మా ఇంట్లో ఒక మనిషున్నాడులే అన్నారు. ఆ ఇంటికి వచ్చాక నేను విన్న మొదటి మెప్పు అది. కావాలనే వినపడనట్టు ఇంకోసారి అడిగి చెప్పించుకున్నాను.

పాత రబ్బరు తీయడమే ఒక యజ్ఞం అయింది. కత్తితో రబ్బరు అంచును, అంటే దాని పెదవిని, కోసి, అద్దాన్ని లోపలి నుంచి అరచేతులతో నెమ్మదిగా నెడితే, చాలాకాలంగా అంటుకుని ఉన్నది చిటపటమంటూ ఊడి వచ్చేది. బయట నిలబడి మామగారు అందుకునేవారు. అత్తగారు ఒక్కో అద్దాన్నీ పాత దుప్పట్లలో చుట్టి నా కత్తిరింపు బల్ల కింద పెట్టించారు. అద్దాలు పోయాక చట్రాల అంచున తుప్పు బయటపడింది. గీకాం, రుద్దాం, ఎర్రరంగు పూసి, దాని మీద మా ఆవిడ ఎంచుకున్న లేత నీలం వేశాం. కిటికీలు లేని ఆ వ్యాను పళ్ళు ఊడిన మనిషిలా ఉందని అత్తగారు అంటే, పళ్ళు కట్టేది మేమే కదా అని మామగారు మీసం మీద చెయ్యి వేశారు.

ఇక కొత్త రబ్బరు. దాన్ని బిగించే పద్ధతి ఇది: ముందు రబ్బరును అద్దం చుట్టూ తొడగాలి. రబ్బరుకు బయటి వైపున ఇంకో గాడి ఉంటుంది, చట్రం అంచు అందులో కూర్చోవాలి. ఆ గాడిలో చుట్టూతా సన్నటి నైలాను తాడు పెట్టి, రెండు కొసలూ కింద వేలాడనిచ్చి, అంతటా సబ్బునీళ్ళు పూయాలి. ఒకరు బయట నిలబడి అద్దాన్ని చట్రానికి అదిమి పట్టుకోవాలి. ఇంకొకరు లోపల కూర్చుని తాడు లాగుతూ పోతే, రబ్బరు పెదవి మడతపడి చట్రం అంచును కరుచుకుంటుంది. బయటివాడికి లోపల ఏం జరుగుతోందో కనపడదు. తాడు లాగేవాడి మాటే నడవాలి. అంచేత తాడు తానే లాగుతానని మామగారు ముందే లోపల ఎక్కి కూర్చున్నారు. బయట అద్దం పట్టుకునే కూలిపని నాకు దక్కింది.

కొలతలు మాత్రం నావి. జాకెట్టు మెడ అంచుకు పైపింగ్ పట్టీ వేసేటప్పుడు దాన్ని కొంచెం సాగదీసి కుట్టాలి. అలా కుడితే మెడ వదులు కాకుండా ఒంటికి అంటుకుని ఉంటుంది. నా చేతికి ఆ అలవాటు ఉంది. కిటికీ కూడా ఒక మెడే కదా అనుకున్నాను. టేపుతో కొలిచి, ఆ కొలతకు ఒక వేలి వెడల్పు తగ్గించి కోశాను. సాగదీసి తొడిగితే రబ్బరు అద్దం చుట్టూ తీగలా బిగిసింది. మామగారికి అది ఎంత నచ్చిందంటే, ఇంకా లాగు, ఇంకా లాగు, బిగుతైనదేదీ చెడిపోదు అని లోపలి నుంచి కేకలు. ఆయన లెక్కలో నట్టయినా, అల్లుడైనా బిగిస్తేనే మాట వింటారు. అలా ఇద్దరం కలిసి, ఎవరి విద్యని వాళ్ళు పూర్తిగా నమ్ముకుని, కిటికీలన్నీ వీణ తీగల్లా బిగించి పెట్టాం.

ఆ సాయంత్రమే గొట్టంతో నీళ్ళు కొట్టి చూశాం. మా ఆవిడ లోపల కూర్చుని మూలమూలనా వేలు పెట్టి తడిమింది. పొడి. ఆమె దిగి వచ్చి మా ఇద్దరికీ చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చింది. మామగారు వీధిలో కనపడిన ప్రతివాణ్ణీ పిలిచి కిటికీలు చూపించారు. నేనూ ఆయన పక్కన నిలబడి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తాడు పద్ధతి వివరించాను. ఆ వారమంతా ఎండలు మండిపోయాయి. వ్యాను షెడ్డు బయట, ఎండలోనే ఉంది. మా ఆవిడ ఫ్రేముల అట్టపెట్టెలు అందులో సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం చెప్పా పెట్టకుండా వాన పడింది. పెద్ద వాన కూడా కాదు, కూరగాయల బండివాడు గోనె కప్పుకునేలోపు వెలిసింది. నేను చొక్కా చేతికి గుండీలు కుడుతున్నాను. మా ఆవిడ వ్యానులోంచి ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. పెట్టె అడుగు నానిపోయి చేతిలోనే విచ్చుకుంటోంది. పరుగెత్తుకెళ్ళి చూస్తే, రబ్బరు రెండు కొసలూ కలిసే చోట చిటికెన వేలు దూరేంత సందు. మూలల్లో రబ్బరు చట్రాన్ని వదిలి లోపలికి ముడుచుకుంది. సాగదీసిన రబ్బరు ఎండకు తన అసలు పొడవుకు వెళ్ళిపోయింది.

ఆమె ఫ్రేముల్ని ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి బల్ల మీద ఆరబెట్టింది. మొహం చిన్నబోయింది గానీ గొంతు మామూలుగానే ఉంది.

"సోమవారం పొద్దున కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తానని చెప్పాను. చేస్తాను."

తర్వాత అటక మీద నుంచి సూట్‌కేసు దింపి, మూత తెరిచి, పెరట్లో ఎండకు పెట్టింది. నాకు ఆ సూట్‌కేసుని తిరిగి అటకెక్కించాలనిపించింది. కానీ దానికి దారి అటక మీద లేదు, కిటికీల్లో ఉంది.

మామగారు సైకిలేసుకుని వెళ్ళి అతుకుమందు గొట్టాలు నాలుగు తెచ్చారు. సందుల్లో మందు నింపి, మూలల్లో దట్టంగా మెత్తితే సరిపోతుందన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదన పెట్టుకోవడం నాకు కొత్త. కానీ ఆ పూట వ్యాను పక్కన నిలబడి ఆ ముడుచుకున్న మూలను చూస్తుంటే నాకు చొక్కా చెయ్యి గుర్తొచ్చింది. చొక్కాకు చెయ్యి అతికేటప్పుడు చంక రంధ్రం చుట్టుకొలత కంటే చేతి గుడ్డ ఎప్పుడూ కాస్త పెద్దగా ఉంటుంది. ఆ ఎక్కువను మడత పడకుండా చుట్టూ కొంచెం కొంచెంగా తినిపించి కుడతాం. అందుకే చెయ్యి ఎత్తినా చొక్కా చిరగదు. కిటికీని మెడలా చూసి పొరపాటు చేశాం. ఇది చంక.

ఆ మాటే మామగారితో అన్నాను. మందు పూస్తే బండి కుదుపులకు నెల తిరక్కుండానే పగులుతుందని, ఉన్న రబ్బరు మొత్తం తీసేసి, ఈసారి బొటనవేలు వెడల్పు ఎక్కువ పెట్టి కొయ్యాలని, ఆ ఎక్కువను సాగదీయకుండా లోపలికి నొక్కి ఇమడ్చాలని చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. చంకలూ మెడలూ నాకు చెప్పకు, వదులుగా ఉన్న రబ్బరు నీళ్ళు ఆపుతుందని నా సర్వీసులో ఎక్కడా వినలేదు అన్నారు. నేను వెనక్కి తగ్గలేదు. చుట్టలో మిగిలిన రబ్బరు ఒక్కసారికి సరిపోతుంది, రెండోసారికి సరిపోదు, అంచేత ఇది నేను చెప్పినట్టే జరగాలి అన్నాను. ఆ మాట ఎంత గట్టిగా అన్నానో నాకే తెలియలేదు. వంటింటి కిటికీలో అత్తగారి చేతిలో గరిట ఆగిపోయింది.

మామగారు అతుకుమందు గొట్టాన్ని చేతిలో రెండుసార్లు తిప్పారు. కూతురి గది వైపు చూశారు. తర్వాత గొట్టాన్ని గోడ మీద పెట్టి, వ్యాను ఎక్కి, తాడు చుట్ట తీసుకుని దిగి, అది నా చేతిలో పెట్టారు.

"పద, నువ్వు లోపల కూర్చో. ఏ డ్రైవరైనా కండక్టరు గంట కొడితేనే కదిలేది. నువ్వు చెప్పు, నేను కదుల్తా."

ఆ మనిషి నోట అంతకంటే పెద్ద మాట రాదని నాకు తెలుసు. సబ్బునీళ్ళు కలపాలంటూ మొహం తిప్పుకుని బకెట్టు దగ్గరికి వెళ్ళాను.

ఆదివారమంతా అదే పని. మొదటి కిటికీకి రబ్బరు తొడగ్గానే అది గొంగళిపురుగులా అక్కడక్కడా ఉబ్బి నిలబడింది. మామగారు దాన్ని చూసి పళ్ళు బిగించారు. రబ్బరు రెండు కొసల్నీ ఒకదాన్నొకటి నెట్టుకునేలా ముందు కలిపి పెట్టాను. తర్వాత పైన మధ్యలో, పక్కల మధ్యలో పట్టించి, ఆ మధ్యనున్న ఉబ్బును వేళ్ళతో కొంచెం కొంచెంగా అన్ని వైపులకూ పంచాను. చేతిని చంకలో కూర్చోబెట్టడం నేను రోజూ చేసేదే, వేళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. లోపల కూర్చుని తాడు అందుకున్నాను. పైన కుడివైపు అంటే ఆయన అరచేత్తో పైన కుడివైపు చరిచేవారు. ఆగండి అంటే ఆగేవారు. కింద నొక్కండి అంటే మోకాలు నొప్పి ఉన్నా వంగి నొక్కేవారు. రబ్బరు పెదవి చట్రం మీదికి ఒక్కో అంగుళం ఎక్కుతూ వచ్చింది. తాడు రెండో కొస చేతికి వచ్చేసరికి ఒక్క ఉబ్బు లేదు. ఆయన బయట నుంచి అద్దం మీద చెయ్యి వేసి నిమిరి, రెండో కిటికీ దగ్గరికి నడిచారు.

రెండో కిటికీ నుంచి ఆయన నన్ను ఒక్కసారి కూడా సూదీ అనలేదు. ఏం కండక్టరూ, కదలమంటావా అని అడగడం మొదలుపెట్టారు. చివరికి ముందు అద్దాల దగ్గరికి వచ్చేసరికి, వేళ్ళు సబ్బునీళ్ళకు నానిపోయి ముడతలు పడ్డాయి, ఇద్దరికీ నడుములు పట్టేశాయి. అత్తగారు అన్నం కలిపి ముద్దలు మా చేతుల్లో పెట్టారు. అద్దాలు పట్టుకున్న చేతులతో కంచాలు పట్టుకోలేమని ఆవిడే కనిపెట్టారు. మా ఆవిడ అటు రాలేదు. గదిలో బట్టలు మడతలు పెడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఈసారి గొట్టం పెట్టి నీళ్ళు కొట్టి చూద్దామని నేనూ అనలేదు, ఆయనా అనలేదు. గొట్టం మాట నమ్మి ఒకసారి మోసపోయాం.

సోమవారం తెల్లారేసరికి ఆకాశం నల్లగా కమ్ముకుంది. మేం నిద్రమొహాలు కడుక్కునేలోపే వాన అందుకుంది. మొన్న పడినట్టు అల్లరి వాన కాదు, తీరిగ్గా కూర్చుని పని పూర్తిచేసే వాన. వీధిలో నీళ్ళు మోకాలి కింది వరకు వచ్చాయి. రేకుల షెడ్డు మీద ఆ మోతకు పక్కనున్న మనిషి మాట కూడా వినపడటం లేదు.

మా ఆవిడ లేచి, జడ వేసుకుని, తెల్లకోటు తొడుక్కుంది. ఒక చేతిలో గొడుగు, చంకలో కళ్ళు పరీక్ష చేసే అక్షరాల పలక, ఇంకో చేతిలో ఒక సంచీ, దానిలో ఏముందో నాకు తెలియదు. పెరడు దాటి వ్యాను ఎక్కి, తలుపు వేసుకుంది. నేనూ మామగారూ గొడుగు కూడా తీసుకోకుండా వెనకాలే వెళ్ళాం. అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు.

ఆమె ముందు కిటికీల దగ్గరికి వెళ్ళింది. ప్రతి మూలలోనూ వేలు పెట్టి, ఆ వేలిని దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. కిందకు వంగి నేల తడిమింది. వెనక కిటికీలకు వెళ్ళింది. కొసలు కలిసే చోట రెండుసార్లు చూసింది. ఆమె పనిలో ఉన్నప్పుడు మొహంలో ఏమీ కనపడదు, కళ్ళు చూసేవాళ్ళ అలవాటు అది. మేం ఇద్దరం అద్దానికి ముక్కులు ఆనించి, ఒళ్ళంతా కారుతూ నిలబడ్డాం. నా జన్మలో నేను కుట్టిన ఏ బట్ట మీదా అంత ఆశ పెట్టుకోలేదు.

తర్వాత ఆమె సీటు మీద కూర్చుని ఫోను చెవికి పెట్టుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఏం చెబుతోందో ఒక్క ముక్క బయటికి రావడం లేదు. గాలి కూడా రానివ్వమని మాట ఇచ్చాం కదా, మాట నిలబెట్టుకున్నందుకు ఇప్పుడు అనుభవిస్తున్నాం. వస్తానంటోందా, రానంటోందా అని మామగారు నా చెవిలో అరిచారు. తెలియదన్నాను. ఆయన నా భుజం పట్టుకున్నారు. ఆమె ఏదో విని తల ఊపింది, నవ్వింది, ఫోను పెట్టేసింది. మా వైపు చూడలేదు.

సంచీలోంచి సుత్తి తీసింది. ఒక మేకు పళ్ళ మధ్య పట్టుకుంది. అక్షరాల పలకను లోపలి గోడకు ఆనించి, కాస్త వెనక్కి జరిగి ఎత్తు చూసుకుని, మేకును గోడ మీద నిలబెట్టింది.

మామగారు అద్దం మీద రెండు చేతులతో బాదారు. ఇన్నాళ్ళు చచ్చీ చెడీ చుక్క దిగకుండా చేస్తే గోడకు తూటు పెడుతుందా, ఆపమని చెప్పు, ఆపమని చెప్పు అంటూ గొంతు చించుకుంటున్నారు. లోపలి గోడ చెక్కదేనని, బయటి రేకు దాకా మేకు వెళ్ళదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. లోపల ఆమెకు మాత్రం ఒక్క అరుపు కూడా వినపడటం లేదు.

ఆయన రెండు చేతులూ పట్టుకుని ఆపాను.

"కొట్టనివ్వండి మామయ్యా."

ఆమె సుత్తి ఎత్తి కొట్టింది.